నూట నలభై రెండు కాదు

కరోనా నిబంధనలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, ఆగస్టు నెలలో, నన్ను మొయినాబాద్‌లోని ఒక రైతు సంఘం నడిపే మట్టి పరీక్షా కేంద్రానికి సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. నా రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లుంది. ఇంతటి సున్నితమైన పనికి మొత్తం సంస్థలో నన్ను ఒక్కడినే ఏరి పంపుతున్నారని ఇంట్లో చెప్పాను. నిజానికి సిటీ నుంచి రోజూ అంత దూరం పోవడానికి కుర్రవాళ్లెవరూ ఒప్పుకోలేదు. నాకు లంగర్‌హౌజ్ నుంచి నేరుగా బస్సుంది. అదీ నా అర్హత.

అక్కడ నా కింద నలుగురు పనిచేసేవారు. రాయడం మొదలుపెట్టాక ఇది కూడా సరిచేయాలి. నలుగురిలో ఒకరు వాచ్‌మన్, ఇద్దరు ప్రయోగశాల వాళ్లు. ఆ ముగ్గురికీ నాతో పనే లేదు. మిగిలింది డేటా ఎంట్రీ చేసే రజిత. నలభై దాటిన మనిషి, చేవెళ్ల వాసి, స్కూటీ మీద వచ్చిపోయేది. ఆమె కూడా కాగితం మీద కేంద్రం ఇంచార్జి విఠల్ కిందే. విఠల్ మట్టి కెమిస్టు. మాటలు తక్కువ, నియమాలు ఎక్కువ.

ఈ వృత్తి తెలియని పాఠకుల కోసం పద్ధతి చెబుతాను. రైతు తన చేనులో పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, ఒక దగ్గర కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారేయాలి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. అరకిలో మిగిలేదాకా ఇంతే. దాన్ని నీడన ఆరబెట్టి, గుడ్డ సంచిలో పోసి, లోపల ఒక చీటీ వేయాలి. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా తడి మట్టికి అలుక్కుపోతుంది. చీటీ మీద ఊరు, సర్వే నంబరు, పేరు ఉంటాయి.

చిక్కంతా సర్వే నంబరు దగ్గరే. ఒకటో నంబరు భూమిని అన్నదమ్ములు పంచుకుంటే అది ఒకటి కింద ఒకటి, ఒకటి కింద రెండు అవుతుంది. రిజిస్టరులో మధ్యన ఏటవాలు గీత పెట్టి 1/2 అని రాస్తారు. చీటీ రాసే రైతుకు ఆ నియమం పట్టదు. ఒకరు గీతను అడ్డంగా గీసి 1-2 అంటారు, ఒకరు నిలువుగా గీస్తారు, ఇంకొకరు చుక్క పెట్టి ఊరుకుంటారు. అందరూ రాసింది ఒకటే, చూసేవాళ్లకు అర్థమవుతుంది కూడా. కానీ విఠల్ నియమం ఏమిటంటే, చీటీలో ఎట్లా ఉంటే స్క్రీను మీద కూడా అట్లాగే ఉండాలి. శాంపిలు మీది పేరును సరిదిద్దే హక్కు ఎవరికీ లేదు. సరిదిద్దడం మొదలుపెడితే ఎవరు ఎక్కడ ఏం మార్చారో తర్వాత తెలియదు. ప్రయోగశాలలో అది సరైన నియమమే. కాబట్టి రజిత గీతను గీతలాగా, చుక్కను చుక్కలాగా ఉన్నదున్నట్టు కొట్టేది.

నా పని ఒక ప్రోగ్రాం రాయడం. ఒకవైపు రైతుల రిజిస్టరు, ఇంకోవైపు మట్టి ఫలితాల ఫైలు. ఊరినీ సర్వే నంబరునూ బట్టి ఎవరి ఫలితం ఎవరిదో జత కలిపి, ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం అచ్చు వేయాలి. అంతకుముందు ఇదంతా రజిత కళ్లతో చూసి చేసేది, వారం పట్టేది. పెర్ల్ అనే స్క్రిప్టు భాషలో నేను రాసిన ప్రోగ్రాం దాన్ని నాలుగు సెకన్లలో చేసింది. ఇందులో అతిశయోక్తి లేదు. నాలుగు సెకన్లే. తప్పుతో సహా.

స్క్రిప్టు భాషల్లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒక సాధనం ఉంటుంది. ఎట్లాంటి అక్షరాల వరుస కావాలో ఆనవాలు చెబితే, యంత్రం ఆ ఆనవాలున్న వాటిని పట్టి తెస్తుంది. ఎర్ర రుమాలు కట్టుకొని చేతిలో సంచి ఉన్నవాళ్లను మాత్రమే లోపలికి పంపమని గేటు దగ్గర మనిషికి చెప్పడం లాంటిది. ఈ ఆనవాలు రాయడానికి మామూలు అక్షరాలతో పాటు కొన్ని గుర్తులుంటాయి. ఆ గుర్తులకు ఒక్కొక్క చోట ఒక్కొక్క పని.

పెర్ల్‌లో ఆనవాలును సాధారణంగా రెండు ఏటవాలు గీతల మధ్య రాస్తారు. నా రైతుల నంబర్లలోనూ ఏటవాలు గీతే ఉంది. మొదటి రోజు 1/2 అని ఉన్నదున్నట్టు రాస్తే, యంత్రం మధ్య గీత చూసి ఆనవాలు అక్కడితో అయిపోయిందనుకొని అడ్డం తిరిగింది. దానికి మందుంది. గీతకు ముందు ఎదురు వాలు గీత ఒకటి చేర్చితే, ఇది మామూలు గీతే అని యంత్రానికి తెలుస్తుంది. కానీ మూడు నాలుగు పాళ్లైన నంబర్లు రాసేసరికి ఆ వరుస గాలికి ఒరిగిన టమాటా కర్రల్లాగా అటూ ఇటూ పడి కనిపించింది. నాకు నచ్చలేదు. రిజిస్టరు నంబర్లను ఆనవాళ్లుగా తీసుకునేటప్పుడు గీతలన్నీ తీసేసి వాటి స్థానంలో చుక్కలు పెట్టాను. ఈ భాషలో చుక్క అంటే ఇక్కడ ఏదో ఒక గుర్తు, ఏదైనా సరే అని. రైతు అడ్డగీత పెట్టినా, నిలువుగీత పెట్టినా, చుక్క పెట్టినా నా చుక్క పట్టుకుంటుంది.

ఒకే ఒక్క చుక్కతో జిల్లా రైతుల రాతనంతా కట్టడి చేశానని హెడ్డాఫీసులో చాలామందికి చెప్పాను. లోతైన ఆలోచనతో చేసిన పని అన్నాను. లోతైన ఆలోచన కాదు, టమాటా కర్రలు నచ్చకపోవడం.

జాగ్రత్త కూడా పడ్డాను. ఆనవాలుకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి హద్దు గుర్తులు పెట్టాను. కాబట్టి 1/2 కోసం వెతికితే 11/2 రాదు. అంతటితో నిశ్చింతగా పడుకున్నాను.

సెప్టెంబరు మొదటి వారంలో, ఒక సోమవారం, ఆలూరు నుంచి అంజమ్మ అనే రైతు వచ్చింది. యాభై దాటి ఉంటుంది. భర్త పోయి పదేళ్లు. రెండెకరాల చెలక సొంతంగా చేసుకుంటుంది. ఆ భూమి నంబరే 1/2. పేర్లూ నంబర్లూ మార్చి రాస్తున్నాను గానీ లెక్క మాత్రం అదే. చేతిలో మేమిచ్చిన కాగితం, ఇంకో చేతిలో స్టీలు టిఫిను డబ్బా. డబ్బా నిండా ఎర్ర మట్టి.

విఠల్ ఆ రోజు శంకర్‌పల్లిలో రైతుల సమావేశానికి వెళ్లాడు. రజిత నావైపు చూసింది. నేను కుర్చీ జరుపుకొని ముందుకొచ్చాను.

"సారు, ఈ కాయితం నా మన్ను గురించేనా రాసింది?" అని అడిగింది అంజమ్మ.

కాగితం చూశాను. పీహెచ్ ఎనిమిది పాయింట్ తొమ్మిది నాలుగు. లవణాలు ఎక్కువ. కింద సలహా: క్యారెట్ సాగుకు పనికిరాదు, జిప్సం వేసి, జీలుగ చల్లి కలియదున్ని, ఒక పంటకాలం వదిలేయాలి. పక్కనే మా కేంద్రం ముద్ర.

"మీదే అమ్మా. ఒకటి కింద రెండు, ఆలూరు, అంజమ్మ."

"మరి పోయినేడు అందుల్నె టమాట తీసిన గద. చౌడంటె తెల్లగ పొంగాలె. ఇగో, సూడు. నాలిక మీద పెట్టుకున్న, సప్పగున్నది."

అప్పుడు నేను నాకు తెలియదు, కెమిస్టు వచ్చాక అడుగుదాం అని ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. నేను మట్టి గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. బోరు లోతుకు పోయిన కొద్దీ నీళ్లలో ఉప్పు పెరుగుతుందన్నాను. పైకి కనిపించని చౌడు ఒకటుందని, అది లోపల్లోపలే పాకుతుందని చెప్పాను. రసాయన ఎరువుల మీద కొంతసేపు మాట్లాడి చివరికి సముద్రం దాకా పోయాను. ఆలూరుకు సముద్రం ఎంత దూరమో ఆమె అడగలేదు. పది నిమిషాలు నిలబడి విన్నది.

"అయితె నా చెలక ఖరాబైందంటవ్" అన్నది చివరికి.

"అయిందమ్మా. మనిషి అబద్ధం ఆడతాడేమో గానీ కంప్యూటరు ఆడదు."

ఆమె డబ్బాలోని మట్టిని మా గేటు పక్క పూలకుండీలో పోసి, ఖాళీ డబ్బా కొంగుతో తుడుచుకొని వెళ్లిపోయింది. చక్కగా అర్థమయ్యేట్టు చెప్పానని నేను సంతోషపడ్డాను.

బుధవారం మధ్యాహ్నం అదే ఊరి యాదయ్య వచ్చాడు. ఆయన నంబరు నూట నలభై రెండు. పాళ్లు కాని భూమి, వాగు పక్కన పల్లంలో ఉంటుంది. క్యారెట్లు కడిగే చోట జేబులోని కాగితం తడిసి ముద్దైందట, ఇంకోటి కావాలన్నాడు. రజిత అచ్చు తీసి ఇచ్చింది. ఆయన పోయాక అదే కాగితం ఇంకొక ప్రతి తీసుకొని నా దగ్గరికి వచ్చింది.

"సార్, మొన్న అంజమ్మ కాయితంల పీహెచ్ ఎంతుండె?"

"ఎనిమిది తొంభై నాలుగు."

"యాదయ్యకు గూడ గంతే. లవణాలు గంతే. భాస్వరం, పొటాషు, అన్నీ గంతే. ఒక్క పాయింటు గూడ తేడ లేదు. ఆమెది గడ్డ మీది ఎర్ర చెలక, ఆయనది వాగు పల్లం. రెండు మన్నులు గిట్ల కవలలు పుట్టయి సార్."

తప్పు నాదేనేమో అని తట్టింది. నోరు మాత్రం ఒప్పుకోలేదు. "అంటే ఎంట్రీలో ఎక్కడో ఒక లైను రెండుసార్లు కొట్టావన్నమాట. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఇట్లాంటివి ఎన్ని చూశాను" అన్నాను.

రజిత కోపం చేసుకోలేదు. లోపలికి పోయి ఒక ఇనుప తీగ పట్టుకొచ్చింది. ప్రతి సంచిలోని చీటీని టైపు చేశాక ఆ తీగకు గుచ్చి ఉంచడం ఆమె అలవాటు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆలూరు చీటీలు వెతికి రెండు తీసి నా ముందు పెట్టింది. ఒకదాని మీద 142. ఇంకొకదాని మీద, పెన్సిల్ గట్టిగా నొక్కి, 1-2. ఫైలు తెరిచి చూపించింది. రెండు లైన్లూ వేరువేరుగా, ఉన్నదున్నట్టు ఉన్నాయి. అంజమ్మ లైనులో పీహెచ్ ఆరు పాయింట్ ఎనిమిది. క్యారెట్‌కు అంతకంటే మంచి నేల అడగనవసరం లేదు.

"నా టైపింగు మీద ఇంక అనుమానముంటె సెప్పుండ్రి సార్, తీగంత ఇప్పుత."

అవసరం లేదన్నాను. తప్పు ఎక్కడుందో అప్పటికే కనబడింది. నా చుక్కకు ఏ గుర్తైనా సరే. ఏ గుర్తైనా అంటే అంకె కూడా. ఒకటికీ రెండుకూ మధ్యన అడ్డగీత ఉన్నా సరిపోతుంది, నాలుగు ఉన్నా సరిపోతుంది. అంజమ్మ కోసం ఫైలులో వెతికిన యంత్రానికి ముందు యాదయ్య లైను తగిలింది, ఎందుకంటే ఆయన సంచి ఆమె సంచి కంటే ముందు వచ్చింది. ఒకటి, ఏదో ఒకటి, రెండు. నేను చెప్పిన ఆనవాలు అక్షరాలా సరిపోయింది. యంత్రం ఆయన మట్టిని ఆమె పేరు మీద అచ్చు వేసి, వెతకడం ఆపేసింది. నేను పెట్టిన హద్దు గుర్తులు రెండు చివర్లా కాపలా కాస్తున్నాయి. దొంగ మధ్యలోనుంచి వచ్చాడు.

అంజమ్మకు ఫోను చేశాం. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట ఉన్నది ఆమె మరిది మల్లేశం ఫోను నంబరు. పక్క పాలు, ఒకటి కింద ఒకటి, ఆయనదే. ఆయన మట్టి పంపలేదు.

రజితే మాట్లాడింది. స్పీకరు పెట్టింది.

"అన్నా, మట్టి ఆఫీసు నుంచి. అంజమ్మక్కకు ఒక మాట చెప్పాలె."

"ఇప్పుడు తీరిక లేదమ్మా. రేపు పదకొండు గంటలకు చేవెళ్లల కాయితం అయితున్నది. అయినంక మాట్లాడుదం."

"ఏం కాయితమన్నా?"

"మా రెండు పాళ్లు కలిపి లాన్ గడ్డి ఆయనకు కౌలుకిస్తున్నం. పదేండ్లకు. వదినె ఇన్ని రోజులు ఒప్పుకోలె. మీ కాయితం సూసినంక ఒప్పుకున్నది. మంచిగ చెప్పిన్రు మీరు" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మంచిగా చెప్పింది ఎవరో రజితకు తెలుసు. నావైపు చూడకుండా ఫోను బల్ల మీద పెట్టింది.

ఈ ప్రాంతం వాళ్లకు లాన్ గడ్డి సంగతి చెప్పనక్కరలేదు. ఫామ్‌హౌసుల ముందు పరిచే ఆ గడ్డిని చేనులో పెంచి, చాపలాగా కోసి చుట్టి పంపుతారు. కోసిన ప్రతిసారీ వేళ్లతో పాటు అంగుళం పైమట్టి లేచిపోతుంది. పదేళ్ల తర్వాత ఆ నేల ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎట్లాగూ చెడిపోయిన నేలే అనుకున్నవాళ్లకు అదొక దారి. అంజమ్మ నేల చెడిపోలేదు. చెడిపోయిందని నమ్మించింది నా చుక్కా, నా పది నిమిషాల ఉపన్యాసమూ.

సాయంత్రం విఠల్ వచ్చాక చెప్పాం. ఆయన కేకలు వేయలేదు. రెండు ప్రశ్నలు అడిగాడు. ఇట్లాంటి కాగితాలు ఇంకెన్ని పోయాయి? కొత్త కాగితం సరైనదని ఎట్లా తెలుస్తుంది?

ప్రోగ్రాం సరిచేయడానికి కూర్చున్నాను. ఇప్పుడు చుక్క వద్దు. చదరపు బ్రాకెట్లలో కొన్ని గుర్తులు రాస్తే, వీటిలో ఏదో ఒకటి మాత్రమే, ఇంకేదీ కాదు అని అర్థం. చుక్క, అడ్డగీత, ఏటవాలు గీత, నిలువుగీత, ఈ నాలుగూ అదే వరుసలో బ్రాకెట్లలో పెట్టాను. ఆనవాలు చుట్టూ ఏటవాలు గీతలకు బదులు మీసాల బ్రాకెట్లు పెట్టాను. పెర్ల్ దానికి ఒప్పుకుంటుంది. ఇక లోపలి గీతను హద్దు అనుకునే ప్రమాదం లేదు, టమాటా కర్రలూ లేవు. ఈ సౌకర్యం నాకు మొదటి రోజు నుంచీ తెలుసని రజితతో అన్నాను. తెలియదు. ఆ సాయంత్రమే చదివాను.

ప్రోగ్రాం నడిపాను. యాదయ్య మట్టి యాదయ్యకే వచ్చింది. నేను లేచి నీళ్లు తాగుతుంటే రజిత స్క్రీను చూసి అన్నది.

"సార్, ఇప్పుడు అంజమ్మ లిస్టులనే లేదు."

"లేకపోవడమేంటి?"

"లేదు సార్. మొన్న పక్కోని మన్నిచ్చిన్రు, ఇయ్యాల ఉన్న మన్ను గూడ గుంజుకున్నరు."

తప్పు మళ్లీ గుర్తులదే. బ్రాకెట్ల లోపల రెండు గుర్తుల నడుమ అడ్డగీత పడితే, అది అడ్డగీతగా ఉండదు. ఇక్కడి నుంచి అక్కడి దాకా అనే అర్థం వస్తుంది. నేను దాన్ని చుక్కకూ ఏటవాలు గీతకూ నడుమ పెట్టాను. యంత్రం చుక్క నుంచి ఏటవాలు గీత దాకా తీసుకొని, అసలు అడ్డగీతను వదిలేసింది. అంజమ్మ చీటీలో ఉన్నది అడ్డగీతే. దాన్ని తీసి వరుసలో ఆఖరున పెట్టాను. ఆఖరున ఉంటే దానికి రెండో అర్థం ఉండదు. ఈసారి రజిత కుర్చీ లాక్కొని పక్కన కూర్చుంది. తీగ మీది చీటీలు ఒక్కొక్కటి చదువుతూ పోయింది, నేను స్క్రీను మీద వేలు పెట్టి చూపిస్తూ పోయాను. తప్పుగా పోయిన కాగితాలు పదిహేడు తేలాయి. చాలావాటిలో తేడా పెద్దది కాదు. ప్రాణం మీదికి వచ్చింది ఒక్కటే.

గురువారం పొద్దున విఠల్ అంజమ్మ సంచిలో మిగిలిన మట్టిని బయటికి తీశాడు. శాంపిలు మిగులును నెల రోజులు దాచడం కేంద్రం నియమం. మట్టిని నీళ్లలో కలిపి అరగంట నిలవనిచ్చాకే పీహెచ్ చూడాలి. ఆ అరగంటను పదిహేను నిమిషాలు చేయమని నేను బతిమాలాను. "మీ తొందరతోనే గదా సార్ ఇదంత" అన్నాడు. అరగంటా ఆగాడు. ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది. కొత్త కాగితం మీద సంతకం చేసి, పాత కాగితం రద్దు అని కింద రాసి ముద్ర వేశాడు.

అక్కడి నుంచి చేవెళ్లకు స్కూటరు మీద గాలిలాగా పోయానని మావాళ్లకు చాలాసార్లు చెప్పాను. నేను పోయింది రజిత స్కూటీ వెనక సీటు మీద. కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి ఛాతీకి అదిమి పట్టుకున్నాను. లారీని దాటినప్పుడల్లా కళ్లు మూసుకున్నాను.

దస్తావేజులు రాసే అతని గది ఇరుకుగా ఉంది. బల్ల అవతల రాసే అతను, ఇవతల మల్లేశం, గడ్డి ఆయన, గోడకు ఆనుకొని అంజమ్మ. మల్లేశం అప్పటికే సంతకం పెట్టాడు. పెన్ను అంజమ్మ చేతికి వచ్చి ఉంది.

నేను ముందుగా గొంతు సవరించుకున్నాను. సిస్టంలో ఒక సాంకేతిక సమస్య తలెత్తిందనీ, డేటా సరిపోల్చే ప్రక్రియలో అస్పష్టత చోటు చేసుకుందనీ, తత్ఫలితంగా అని ఇంకేదో అనబోతుంటే అంజమ్మ ఆపింది.

"సారు, జర సక్కగ చెప్పు. నా మన్ను మంచిదా, ఖరాబా?"

"మంచిదమ్మా. మొన్న ఇచ్చిన కాగితం మీ మట్టిది కాదు. యాదయ్య మట్టిది."

"యాదయ్యదా. ఆ వాగు కాడిదా." పెన్ను బల్ల మీద పెట్టింది. "తప్పు ఎవలు చేసిన్రు?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. రజిత మాత్రం నేల చూస్తోంది. తీగ ఆమె దగ్గరే ఉందని నాకు తెలుసు.

"నేనే చేసిన" అన్నాను.

"మరి గా దినం గంతసేపు చెప్తివి. బోరు నీళ్లంటివి, లోపట్నె పాకుతదంటివి."

"మట్టి గురించి నాకేం తెలువదమ్మా. ఊర్కెనే చెప్పిన."

"ఊర్కెనే చెప్పినవా. సముద్రం గూడ ఊర్కెనేనా?"

"సముద్రం గూడ."

రాసే అతను నవ్వాపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మల్లేశానికి మాత్రం నవ్వు రాలేదు. "మాటిచ్చినం వదినె. ఇద్దరి పాళ్లు కలిస్తెనే ఆయన తీసుకుంటడు. ఇప్పుడు ఎనకకు పోతె ఎట్ల?" అన్నాడు.

అంజమ్మ గడ్డి ఆయన వైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నా. నా చెలక తిరిగి సూసినవ్ గద. నీకు చౌడు కనపడ్డదా?"

ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలాడు. "లేదక్కా. మంచిగనే ఉన్నది."

"మరి చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి. గడ్డికి మంచి మన్ను వద్దంటనా?"

అబద్ధం ఆడలేదు ఆయన. ఆ గదిలో ఉన్నవాళ్లలో ఆ వారం అబద్ధం ఆడింది నేనొక్కడినే. అంజమ్మ కొత్త కాగితాన్ని కవరులోంచి తీసి, ముద్ర దగ్గర వేలితో రుద్ది చూసి, మడిచి రవికెలో పెట్టుకుంది. తన సంతకం లేని కౌలు కాగితాన్ని మల్లేశం వైపు జరిపింది. "మంచి మన్ను సుట్ట సుట్టి పంపుతనా మరిదీ. నీ పాలు నీ ఇష్టం. నేనైతె క్యారెట్ ఏస్త" అన్నది. మల్లేశం కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదని తర్వాత విన్నాను. అక్టోబరులో ఆయన కూడా మట్టి పట్టుకొచ్చాడు.

మిగిలిన పదహారు కాగితాలనూ రజితా నేనూ రెండు రోజులు తిరిగి మార్చి ఇచ్చాం. హెడ్డాఫీసుకు పంపాల్సిన నివేదికలో ఇన్‌పుట్ డేటాలోని అస్పష్టత వల్ల అని రాశాను. విఠల్ ఆ మాటలు కొట్టేసి, ప్రోగ్రాం రాసినవారి తప్పు వల్ల అని పైన రాసి, సంతకం చేయమని పెన్ను ఇచ్చాడు. చేశాను.

డిసెంబరు ఆఖరున ఏదో పని మీద చేవెళ్ల పోతే, రోడ్డు పక్కన క్యారెట్లు కడిగే చోట అంజమ్మ కనిపించింది. డ్రమ్ము తిరుగుతుంటే ఎర్ర నీళ్లు కారుతున్నాయి. ఆమె నన్ను గుర్తుపట్టి, కడిగిన రాశిలోంచి ఒక క్యారెట్ తీసి చేతిలో పెట్టింది.

"తిను సారు. ఉప్పున్నదా సూడు."

ఆ క్యారెట్ మూరెడు ఉంది. లేదు, జానెడు. ఉప్పు లేదు.

ఈ ఘటన నాకు నేర్పింది రాసి ముగిస్తాను. ఒక ఆనవాలు పట్టాల్సినవాటిని పడుతోందా అని చూడటం సగం పనే. పట్టకూడనివాటిని వదిలేస్తోందా అని కూడా చూడాలి. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఏ ఆనవాలు రాసినా రెండు జాబితాలు పెట్టుకున్నాను. రెండో జాబితాలో మొదటి నంబరు ఎప్పుడూ 142. రెండర్థాలున్న గుర్తు వాడాల్సి వస్తే, ఏ అర్థంలో వాడుతున్నానో యంత్రానికి అనుమానం లేకుండా రాశాను. చూడటానికి టమాటా కర్రల్లాగా ఉన్నా సరే. ఇక మూడోది. జత సరిగ్గా కలవకపోతే ప్రోగ్రాం ఊహించకూడదు. తెలియదని చెప్పి, మనిషి చూడవలసినవి అనే వేరే పట్టీలో వేయాలి. అది ప్రోగ్రాంలో మార్చడం సులువు, రెండు లైన్లు. నాలో మార్చడానికి ఎక్కువే పట్టింది.

మరుసటి ఏడాది ఆలూరు సంచులు వచ్చినప్పుడు, ఆ పట్టీలో అన్నిటికంటే పైన ఒక చీటీ పడింది. రజిత ఉన్నదున్నట్టు కొట్టింది. 'ఆలూరు, ఒకటో నంబరు, రెండో పాలు, అంజమ్మ. 142 కాదు.' ఆ రాతను పట్టే ఆనవాలు రాయడం నాకు కష్టమేమీ కాదు. రాయలేదు. ఆ చీటీని రజితా నేనూ కళ్లతో చూసి, చేత్తో జత కలిపాం.